ఆటగాడి చొక్కా మీద ఎర్ర పువ్వు – పెట్టుకుని తీరాలా?

పోయిన డిసెంబర్ 7న మా హాస్టల్ వాలీబాల్ జట్టుకు పక్క మండలం హాస్టల్ జట్టుతో మ్యాచ్ జరిగింది. అదే రోజు సాయుధ దళాల పతాక దినోత్సవం. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది. మీ రోజుల్లో గుండుసూదితో జేబుకు గుచ్చుకునే చిన్న కాగితపు జెండా, ఇప్పుడు అంటించుకునే స్టిక్కర్. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు మూడూ మన త్రివిధ దళాలకు గుర్తు. 1949 నుంచి ఏటా ఈ రోజున జెండాలిచ్చి విరాళాలు వసూలు చేస్తారు. ఆ డబ్బు మాజీ సైనికుల, అమరులైన జవాన్ల కుటుంబాల సంక్షేమానికి వెళుతుంది.

మా కెప్టెన్ మంచి మనసుతోనే తన జేబులోని డబ్బు డబ్బాలో వేసి, జట్టు మొత్తానికి జెండాలు తెచ్చి, ఒక్కొక్కరి జెర్సీ మీద తనే అంటించాడు. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మాత్రం దాన్ని మెల్లగా ఊడదీసి, నోట్‌బుక్ అట్ట లోపల అంటించుకుని ఆటలోకి దిగాడు. మ్యాచ్ మేమే గెలిచాం. అయితే ఆ రాత్రి మెస్‌లో గెలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. "నీకు సైనికులంటే గౌరవం లేదా?" అని ఒకరు, "జట్టులో అందరూ పెట్టుకుంటే నీకేమైంది?" అని మరొకరు వాణ్ణి అడిగారు. మాలో కొందరం అడిగిన వాళ్ళమే. వాడు జవాబు చెప్పకుండా పళ్ళెం కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాటికి హాస్టల్ రెండు జట్లయింది.

సంగతి వార్డెన్ గారి దాకా వెళ్ళింది. ఆయన ఎవరినీ కోప్పడలేదు. "ఇదే గొడవ ఇంగ్లండ్‌లో ప్రతి నవంబరులోనూ అవుతుంది, అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద అవుతుంది. అదేమిటో చదివి గోడపత్రికకు రాయండి" అన్నారు. అలా గోడపత్రికకు మొదలుపెట్టిన వ్యాసం పెరిగి పెరిగి ఈ వార్షికోత్సవ సంచికకు చేరింది.

ముందు ఆ ఎర్ర పువ్వు సంగతి చెప్పాలి. దాన్ని ఇంగ్లీషులో పాపీ అంటారు. మన చెవికి ఆ మాట వేరేలా వినిపిస్తుంది, నవ్వకండి. మన వంటింటి గసగసాల మొక్కకు అది దగ్గరి చుట్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పొలాలు ఫిరంగి గుండ్లకు ఛిన్నాభిన్నమయ్యాయి. నేల కదిలితే మొలిచే స్వభావం ఈ మొక్కది. అందువల్ల సైనికుల సమాధుల మధ్య, గుండ్లు పడిన గుంతల చుట్టూ ఎర్రగా పూసింది. 1915లో జాన్ మెక్‌క్రే అనే కెనడా సైనిక వైద్యుడు స్నేహితుణ్ణి పోగొట్టుకుని, ఆ పూల మీద ఒక కవిత రాశాడు. అది చదివి 1918లో అమెరికాలో మొయినా మైఖేల్ అనే ఉపాధ్యాయురాలు ఆ పువ్వును చనిపోయిన వారి గుర్తుగా ధరించడం మొదలుపెట్టింది. అన్నా గెరాన్ అనే ఫ్రెంచి మహిళ గుడ్డతో చేసిన పువ్వులను ఇంగ్లండ్‌కు తెచ్చింది. 1921లో ఏర్పడిన బ్రిటిష్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం ఆ ఏడాది నవంబర్ 11న మొదటిసారి వాటిని అమ్మింది. 1918లో యుద్ధం ఆగింది నవంబర్ 11 ఉదయం 11 గంటలకు. అందుకే ఆ రోజు. మొదటి ఏడాదే లక్షా 6 వేల పౌండ్లు వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు ఆ పువ్వులు తయారుచేసే పనే ఉపాధి అయింది. అంటే మన పతాక దినోత్సవం జెండాకూ ఆ పువ్వుకూ పెద్ద తేడా లేదన్న మాట. డబ్బా, విరాళం, గుండుసూది అన్నీ ఒకటే.

మరి ఇందులోకి ఆటగాళ్ళు ఎలా వచ్చారు? ఇది మాకు చాలా ఆసక్తి కలిగించింది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ పోటీలు ఆగలేదు. "దేశం కోసం కుర్రాళ్ళు చస్తుంటే మీరు బంతి తన్నుకుంటారా?" అని పత్రికలు, పెద్దలు దుమ్మెత్తిపోశారు. యూనిఫాం వేసుకోని యువకుడు వీధిలో కనబడితే, పిరికివాడు అనే అర్థంలో కొందరు స్త్రీలు తెల్ల ఈకను అతని చేతిలో పెట్టేవారు. ఆ ఒత్తిడిలో ఆటగాళ్ళూ సైన్యంలో చేరారు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో హార్ట్స్ అనే జట్టు అప్పుడు లీగ్‌లో ముందంజలో ఉంది. 1914 నవంబరులో ఆ జట్టు ఆటగాళ్ళు గుంపుగా సైన్యంలో చేరారు. ఏడుగురు తిరిగి రాలేదు. ఇంగ్లండ్‌లో 1914 డిసెంబరులో ఏకంగా ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బెటాలియన్ ఒకటి ఏర్పడింది.

ఆ బెటాలియన్‌లో చేరిన వాల్టర్ టల్ గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాం, ఏమనుకోవద్దు. తండ్రి బార్బడోస్ దీవి నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తాత బానిస. తొమ్మిదేళ్ళు నిండే సరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అన్నతో పాటు లండన్‌లోని ఒక అనాథాశ్రమంలో పెరిగాడు. మన లాంటి పిల్లవాడే అనుకోండి. 1909లో టాటెన్‌హామ్ జట్టులోకి వచ్చాడు. ఆ ఏడాదే బ్రిస్టల్‌లో మ్యాచ్ ఆడుతుంటే ప్రేక్షకులు జాతి పేరుతో బూతులు తిట్టారు. తరువాత నార్తాంప్టన్ జట్టుకు మారాడు. యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. నల్లవారిని అధికారులుగా తీసుకోరాదని అప్పటి సైనిక నిబంధన. అయినా 1917లో అతను సెకండ్ లెఫ్టినెంట్ అయి తెల్ల సైనికులకు నాయకత్వం వహించాడు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో తూటా తగిలి చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. పువ్వు పెట్టుకోవడం గురించి వాదించే ముందు ఆ పువ్వు ఎవరి కోసమో కూడా తెలియాలి కదా, అందుకు రాశాం. టల్ పేరు చదివాక, పెట్టుకునే వాళ్ళను ఎగతాళి చేయడం మాలో ఎవరికీ సాధ్యం కాలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. దాదాపు ఎనభై ఏళ్ళ పాటు ఆ పువ్వు ఎవరికి వారు కొనుక్కుని కోటుకు గుచ్చుకునేదే. ఆటగాళ్ళ జెర్సీ మీదికి ఎక్కింది ఈ మధ్యనే. 2003లో లెస్టర్ జట్టు జెర్సీ మీద పువ్వు వేయించింది. తరువాత పదేళ్ళు తిరగకుండానే పెద్ద జట్లన్నీ అదే దారి పట్టాయి. మ్యాచ్ అయ్యాక ఆ జెర్సీలను వేలం వేసి వచ్చిన డబ్బు మాజీ సైనికులకు ఇస్తారు. ఉద్దేశం మంచిదే. అయితే ఒక సంగతి మారిపోయింది. కొనుక్కుని గుచ్చుకునే పువ్వుకు ధరించేవాడు అవునని చెయ్యి కదపాలి. జెర్సీ మీద అచ్చయిన పువ్వుకు అలా కాదు. అక్కడ వద్దనుకున్నవాడే కదలాలి. అచ్చు లేని జెర్సీ వేరేగా అడగాలి, పది మంది ఎర్ర పువ్వుల మధ్య ఖాళీ ఛాతీతో నిలబడాలి, వేల మంది చూస్తుండగా, టీవీలో. మా కెప్టెన్ తన చేత్తో స్టిక్కర్ అంటించినప్పుడు జరిగింది ఇదేనని మాకు ఆలస్యంగా తట్టింది.

అలా ఖాళీ ఛాతీతో నిలబడినవాడు జేమ్స్ మెక్‌క్లీన్. 1989లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరంలో, క్రెగన్ అనే కార్మికవాడలో పుట్టాడు. ఆ ఊరి కథ తెలియకుండా ఇతని కథ అర్థం కాదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం. అక్కడి క్యాథలిక్కులు ఇళ్ళ కేటాయింపులో, ఉద్యోగాల్లో, ఓటు హక్కులో తమకు అన్యాయం జరుగుతోందని 1960ల చివర్లో ఉద్యమించారు. 1972 జనవరి 30, ఆదివారం, డెర్రీలో ఊరేగింపు జరుగుతుంటే బ్రిటిష్ సైన్యంలోని పారాచూట్ రెజిమెంట్ సైనికులు నిరాయుధుల మీద కాల్పులు జరిపారు. అక్కడికక్కడే 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తరువాత పోయారు. ఆ ఏడాదే జరిపిన తొలి విచారణ సైనికుల వైపే మొగ్గింది. చనిపోయిన వారి కుటుంబాలు పోరాడగా 1998లో రెండో విచారణ వేశారు. 2010 జూన్ 15న దాని నివేదిక వచ్చింది. చనిపోయిన వారి వల్ల సైనికులకు ప్రమాదమేమీ లేదని అందులో తేల్చారు. ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అంటే ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. చనిపోయిన వారిలో క్రెగన్ వాడకు చెందిన వారు ఆరుగురు.

మెక్‌క్లీన్ 2012 నవంబరులో సండర్లండ్ జట్టుకు ఆడుతూ పువ్వు లేని జెర్సీ వేసుకున్నాడు. అది అతని స్వంత నిర్ణయమని జట్టు ప్రకటించింది. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 2014లో విగాన్ జట్టులో ఉండగా యజమాని డేవ్ వీలన్‌కు ఒక బహిరంగ లేఖ రాశాడు. దాని సారాంశం ఇది: రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన వారంటే నాకు పూర్తి గౌరవం ఉంది, వారిలో ఐర్లండ్ వారూ ఎందరో ఉన్నారు. పువ్వు ఆ రెండు యుద్ధాలకే గుర్తయితే రోజూ పెట్టుకునేవాణ్ణి. కానీ అది 1945 తరువాత బ్రిటిష్ సైన్యం పాల్గొన్న అన్నిటికీ గుర్తు. మా ఊరి వాళ్ళకు అది వేరుగా కనబడుతుంది. నేను దాన్ని పెట్టుకుంటే మా ఊళ్ళో చనిపోయిన అమాయకులను అవమానించినట్టే అవుతుంది.

ఆ ఉత్తరం అర్థాన్ని మేము స్టడీ అవర్‌లో పైకి చదువుకున్నాం. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. సైనికులను అగౌరవపరచడానికి మానినవాడు కాదని తెలుస్తూనే ఉంది. అయినా ఏం లాభం? తరువాత వెస్ట్ బ్రామ్‌లో, స్టోక్‌లో, ఏ జట్టులో ఉన్నా నవంబరు వచ్చేసరికి గేలి తప్పలేదు. 2018లో స్టోక్ జట్టులో ఉన్నప్పుడు సొంత జట్టు అభిమానుల్లోనే కొందరు మీదికొచ్చారు.

మెక్‌క్లీన్ చేసినవన్నీ మేము సమర్థించడం లేదు. 2020లో ముఖానికి నల్ల ముసుగు వేసుకుని, పిల్లల ముందు కూర్చుని చరిత్ర పాఠం చెబుతున్నట్టు ఫొటో పెట్టాడు. అక్కడ ఆ ముసుగు సాయుధ ముఠాలకు గుర్తు. జట్టు రెండు వారాల జీతం కోత పెట్టింది, అతను క్షమాపణ చెప్పాడు. 2024 నవంబరులో రెక్స్‌హామ్ జట్టులో ఉండగా, మ్యాచ్‌కు ముందు మౌనం పాటించే వరుసలో చేరకుండా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. పువ్వు పెట్టుకోకపోవడం వేరు, చనిపోయిన వారి కోసం ఒక్క నిమిషం పక్కవాళ్ళతో కలిసి నిలబడకపోవడం వేరు కదా అని మాలో సగం మంది అన్నారు. మిగతా సగం ఒప్పుకోలేదు. ఆ విషయం తేలలేదు, అలాగే వదిలేశాం.

రెండో కథ నెమాన్యా మాటిచ్‌ది. 1988లో పుట్టిన సెర్బియా ఆటగాడు. 1999లో కొసావో యుద్ధ సమయంలో నాటో కూటమి సెర్బియా ఉన్న యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది. బ్రిటిష్ విమానాలూ అందులో ఉన్నాయి. మాటిచ్ అప్పుడు వ్రెలో అనే పల్లెటూళ్ళో చిన్న పిల్లవాడు. ఇంగ్లండ్‌కు వచ్చి కొన్నేళ్ళు పువ్వు పెట్టుకునే ఆడాడు. 2018 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడుతూ మానేశాడు. వెంటనే ప్రశ్నలు. చివరికి చిన్నతనంలో బాంబుల కింద తాను పడ్డ భయం గురించి లోకమంతా చదివేలా రాయాల్సి వచ్చింది. పువ్వును గర్వంగా పెట్టుకునే వారిని కించపరచడం తన ఉద్దేశం కాదనీ, పునరాలోచించుకున్నాక తాను పెట్టుకోవడం సరికాదనిపించిందనీ చెప్పాడు.

మేము చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. పెట్టుకున్న వాళ్ళను ఎందుకు పెట్టుకున్నావని ఎవరూ అడగరు. వారిలో కొందరికి ఆ పువ్వు చరిత్ర తెలియకపోవచ్చు, కొందరికి పట్టకపోవచ్చు, అయినా చెల్లుతుంది. పెట్టుకోనివాడు మాత్రం తన పుండు తెరిచి అందరికీ చూపించాలి. మా ఊళ్ళో వీళ్ళు చనిపోయారు, చిన్నప్పుడు నేనిలా భయపడ్డాను అని రుజువులతో సహా ఒప్పించాలి. ఒప్పించినా తిట్లు తప్పవు. కారణం అంత పెద్దది కాని మామూలు మనిషి అయితే? నోరు తెరిచి చెప్పుకోవడం ఇష్టం లేనివాడయితే? వాడు మెదలకుండా పెట్టుకుంటాడు. అప్పుడు ఆ పువ్వు స్మరణ కాదు, హాజరు పట్టీలో టిక్కు మాత్రమే. నిజానికి పువ్వులు అమ్మే ఆ లీజియన్ సంస్థే, ధరించడం ఎవరి ఇష్టం వారిదని, బలవంతం చేస్తే దాని అర్థమే పోతుందని చెబుతూ వస్తోంది. సంస్థ అడగనిది అభిమానులు అడుగుతున్నారు, అదీ ఒక ఆటగాణ్ణి.

ఒకే పువ్వు అందరికీ ఒకే అర్థం ఇవ్వదు అనడానికి ఇంకో తమాషా సంగతి. 2010 నవంబరులో బ్రిటిష్ ప్రధాని చైనా వెళ్ళినప్పుడు పువ్వు తీసేయమని అక్కడి అధికారులు అడిగారు. చైనాకు ఆ పువ్వు చూస్తే నల్లమందు గుర్తొస్తుంది, 19వ శతాబ్దంలో నల్లమందు అమ్ముకోవడానికి బ్రిటన్ తమ మీద చేసిన యుద్ధాలు గుర్తొస్తాయి. బ్రిటిష్ వారు తీయలేదు. మనకు ఇది తెలియని విషయమేమీ కాదు. 1818 జనవరి 1న భీమా నది ఒడ్డున కోరెగావ్‌లో జరిగిన యుద్ధానికి కంపెనీ వాళ్ళు తమ విజయ స్తంభం నాటుకున్నారు. అక్కడ చెక్కిన పేర్లలో 22 మంది మహర్ సైనికులవి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడికి వెళ్ళి నివాళి అర్పించారు. ఒకరికి తెల్లవాడి గెలుపు రాయి, ఇంకొకరికి అంటరాని వారి ధైర్యానికి సాక్ష్యం. రాయి ఒక్కటే.

ఇప్పుడు ఎదుటి పక్షం. మాలో కొందరు గట్టిగా వాదించారు కాబట్టి వారి మాటలు దాచం. "జీతం తీసుకుంటూ, జట్టు ఇచ్చిన జెర్సీ వేసుకోనంటే ఎలా?" అన్నది మొదటిది. జెర్సీ రంగు ఎవరు ఏ జట్టో చెబుతుంది. పువ్వు మాత్రం ధరించినవాడి మనసులో ఏముందో చెబుతుంది. జీతం రంగుకు ఇస్తారు, మనసుకు కాదు. "ఒకరిని వదిలేస్తే అందరూ మానేస్తారు" అన్నది రెండోది. అలా జరగలేదు. మెక్‌క్లీన్ మానేసి పన్నెండేళ్ళు గడిచినా ప్రతి నవంబరులో మిగతా వందల మంది పెట్టుకుంటూనే ఉన్నారు. మూడోదానికి మా దగ్గర అంత తేలిక జవాబు లేదు. మైదానంలో ప్రేక్షకుల మధ్య కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి కూర్చుని ఉంటుంది, ఖాళీ ఛాతీ చూస్తే ఆమెకు ఏమనిపిస్తుంది? బాధ కలగవచ్చు. కాదనం. డెర్రీలో టీవీ ముందు కూర్చున్న ఇంకో తల్లి కూడా ఉంటుంది. ఒక చొక్కాతో ఇద్దరినీ ఊరడించలేం.

పెట్టుకోవద్దని శాసించడం కూడా ఇలాంటి చిక్కే. జెర్సీల మీద రాజకీయ, మత చిహ్నాలు కూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా నియమం. 2011లో ఇంగ్లండ్, స్పెయిన్ మ్యాచ్‌కు పువ్వు కూడదంది. యువరాజు విలియం, ప్రధాని ఉత్తరాలు రాస్తే చేతికి కట్టుకునే నల్ల పట్టీ మీద పెట్టుకోనిచ్చింది. 2016 నవంబర్ 11న ఇంగ్లండ్, స్కాట్లండ్ తలపడిన రోజు మళ్ళీ కాదంది. రెండు జట్లూ వినలేదు. ఇంగ్లండ్‌కు 45 వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా పడింది. మరుసటి ఏడాది నియమం సడలించారు. ఎదుటి జట్టు, నిర్వాహకులు ఒప్పుకుంటే పెట్టుకోవచ్చన్నారు. 2017 నవంబర్ 10న వెంబ్లీలో ఇంగ్లండ్‌తో ఆడిన జర్మనీ ఆటగాళ్ళు కూడా ఆ పువ్వు ఉన్న పట్టీ కట్టుకున్నారు. జర్మనీ! ఏ దేశంతో పోరాడి ఆ సైనికులు చనిపోయారో ఆ దేశం. ఎవరూ బలవంతం చేయలేదు కాబట్టే ఆ పట్టీకి విలువ వచ్చిందని మాకనిపించింది.

మన క్రికెట్‌లోనూ ఇలాంటివి జరిగాయి. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మార్చి 8న రాంచీలో ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కు మన జట్టంతా సైనిక దుస్తుల రంగు టోపీలతో దిగింది. ఆ మ్యాచ్ ఫీజును జాతీయ రక్షణ నిధికి ఇచ్చారు. ఐసీసీ ముందే అనుమతించింది. మూడు నెలలకు ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్‌లో ధోనీ గ్లౌజుల మీద పారా దళం బలిదాన్ చిహ్నం కనబడితే అదే ఐసీసీ తీసేయమంది. ధోనీ ఆ దళంలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్. తరువాతి మ్యాచ్‌లో తీసేసి ఆడాడు. అంతకు ముందు 2014లో సౌతాంప్టన్‌లో మనతో టెస్టు ఆడుతూ ఇంగ్లండ్ ఆటగాడు మొయిన్ అలీ గాజా ప్రజల కోసం చేతికి బ్యాండు కట్టుకుంటే తీసేయించారు. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్ళ కాలర్ మీద గాయపడ్డ సైనికులకు సాయం చేసే సంస్థ గుర్తు ఉంది. జట్టంతా పెట్టుకుంటే స్మరణ, ఒక్కడు పెట్టుకుంటే రాజకీయం! ఈ తూకం మాకు నచ్చలేదు. కూడదంటే అందరికీ కూడదనాలి, కూడుననుకుంటే అందరికీ కూడుననాలి. కానీ 'పెట్టుకుని తీరాలి' అనే మాట మాత్రం ఏ నియమంలోనూ ఉండకూడదు.

ఆ ఎర్ర పువ్వుకూ మనకూ కూడా సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా వెళ్ళారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని పేరుబడిన ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపింది. యుద్ధం ముగిసిన ఐదు నెలలకే, 1919 ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో ఆ ప్రభుత్వపు సైన్యమే మన మీద కాల్పులు జరిపింది. 2018లో, యుద్ధం ముగిసి వందేళ్ళయిన సందర్భంగా, భారత సైనికుల గుర్తుగా ఖాదీతో చేసిన పువ్వును లీజియన్ బ్రిటన్‌లో విడుదల చేసింది. మనవాడొకడు అక్కడ క్రికెట్ ఆడుతూ దాన్ని పెట్టుకుంటే అర్థం చేసుకుంటాం, పెట్టుకోకపోయినా అర్థం చేసుకుంటాం.

ఇదంతా గోడపత్రికలో మొదటి విడత వచ్చిన రోజు మా కెప్టెన్ ఆ తొమ్మిదో తరగతి తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. "నిన్ను అడక్కుండా అంటించాను, తప్పు నాదే" అన్నాడు. కారణం మాత్రం అడగలేదు. మేమూ అడగలేదు. వాడూ చెప్పలేదు. స్టిక్కర్ ఇంకా ఆ నోట్‌బుక్ అట్ట లోపలే ఉంది.

ఈ ఏడాది పతాక దినోత్సవానికి క్రీడా కమిటీ చేసిన తీర్మానం ఇది. డబ్బా ఆఫీసు గది బయట బల్ల మీద ఉంటుంది. జెండాలు పక్కన పళ్ళెంలో ఉంటాయి. ఎవరి జెండా వారే తీసుకోవాలి, జెర్సీ మీద ఒకరికొకరు అంటించకూడదు. ఎవరు ఎంత వేశారో, ఎవరు తీసుకోలేదో పేర్లు రాయకూడదు. ఇద్దరు సభ్యులు పేర్లు రాయాల్సిందేనన్నారు. వారి అభిప్రాయం కూడా రిజిస్టరులో నమోదైంది.